మెమోపై 'కాకతీయ' పేరు.. క్యాంపస్ చూసింది ఎందరు? యాభై ఏళ్ల యూనివర్సిటీకి, ఖమ్మం పల్లెలకు ఉన్న లింకు ఇదీ!

కుసుమంచి (ఖమ్మం జిల్లా): ఖమ్మం-సూర్యాపేట రోడ్డు మీద వెళ్తే కుసుమంచి వస్తుంది. ఊరికి గుర్తింపు తెచ్చింది రెండు. ఒకటి పాలేరు రిజర్వాయర్. రెండోది కాకతీయుల కాలం నాటి గణపేశ్వరాలయం. నల్లరాతి గోడలు, లోపల భారీ శివలింగం. శివరాత్రికి జనం కిటకిటలాడతారు. ఇదే ఊళ్లో డిగ్రీ పాసైన వాళ్ల ఇంటికెళ్లి బీరువా తెరిపిస్తే.. అక్కడా 'కాకతీయ' పేరే కనిపిస్తుంది. గుడి కట్టించిన రాజుల పేరు కాదు అది. సర్టిఫికెట్ ఇచ్చిన యూనివర్సిటీ పేరు.

విచిత్రం ఏంటంటే.. ఆ సర్టిఫికెట్ ఉన్న చాలామంది హన్మకొండలోని కాకతీయ యూనివర్సిటీ గేటు కూడా చూసి ఉండరు. చదివింది ఖమ్మంలోనో, సత్తుపల్లిలోనో, కొత్తగూడెంలోనో, భద్రాచలంలోనో. పరీక్ష రాసింది దగ్గర్లోని సెంటర్‌లో. కానీ సిలబస్, పేపర్, రిజల్ట్, మెమో.. అన్నీ అక్కడి నుంచే.

2026 ఆగస్టు 19కి కాకతీయ యూనివర్సిటీకి యాభై ఏళ్లు. అసలు ఈ యూనివర్సిటీ ఎలా పుట్టింది? ఖమ్మం, భద్రాచలం ప్రాంతానికి దానితో లింకేంటి? క్యాంపస్‌లో లైఫ్ ఎలా ఉంటుంది? ఇప్పుడు డిగ్రీ చదువుతున్న వాళ్లు తెలుసుకోవాల్సింది ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముఖ్యాంశాలు

- ఉస్మానియా పీజీ సెంటర్‌గా మొదలై, 1976 ఆగస్టు 19న సొంత యూనివర్సిటీగా మారింది.
- అప్పుడు సీఎం ఖమ్మం జిల్లా నేత జలగం వెంగళరావు.
- మొదట్లో వరంగల్, ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్.. నాలుగు జిల్లాలు దీని కిందే.
- తెలంగాణ సిద్ధాంతకర్త ప్రొఫెసర్ జయశంకర్ ఇక్కడ వీసీగా పనిచేశారు.
- పల్లె విద్యార్థికి, ముఖ్యంగా అమ్మాయిలకు, పీజీ చదువు చాలాసార్లు హాస్టల్ సీటు దగ్గరే తేలిపోతుంది.

అసలు ఎలా పుట్టింది?

నిజాం కాలం నుంచి తెలంగాణ మొత్తానికి ఒకటే పెద్ద యూనివర్సిటీ. అది 1918లో మొదలైన ఉస్మానియా. ఆంధ్ర ప్రాంతంలో 1926లో ఆంధ్రా యూనివర్సిటీ, రాయలసీమలో 1954లో శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ వచ్చాయి. తెలంగాణ పల్లెల పిల్లలకు మాత్రం పీజీ అంటే హైదరాబాదే. ఖమ్మంలో డిగ్రీ పూర్తిచేసినా ఎంఏ, ఎంఎస్సీ కోసం పెట్టె సర్దుకుని రాజధానికి పోవాల్సిందే. అందరికీ అది కుదిరే పనా?

1950ల చివర్లో వరంగల్ చదువుల కేంద్రంగా ఎదగడం మొదలైంది. 1959లో అక్కడ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీకి పునాది పడింది. అదే ఇప్పటి ఎన్ఐటీ. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా ఆ ఏడాదే వచ్చింది. 1960ల చివర్లో ఉస్మానియా యూనివర్సిటీ వరంగల్‌లో పీజీ సెంటర్ తెరిచింది. కొన్ని డిపార్ట్‌మెంట్లు, కొద్దిమంది విద్యార్థులు.. అంతే. ఇప్పుడున్న కాకతీయ యూనివర్సిటీకి విత్తనం అదే.

ఇక్కడ ఖమ్మం పాత్ర గురించి చెప్పుకోవాలి. 1969 తెలంగాణ ఉద్యమానికి నిప్పు రాజుకున్నది ఖమ్మం జిల్లాలోనే. పాల్వంచలోని థర్మల్ కేంద్రంలో ఉద్యోగాలు స్థానికులకు దక్కడం లేదన్న ఆవేదన ముందు బయటికొచ్చింది. 1969 జనవరిలో ఖమ్మంలో అన్నాబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నారు. అక్కడి నుంచి ఉద్యమం తెలంగాణ అంతటా పాకింది. ఉద్యోగాలు, నీళ్లు ఎంత ముఖ్యమో, చదువుకునే అవకాశాలు కూడా అంతే ముఖ్యమన్న మాట అప్పుడే గట్టిగా వినిపించింది.

ఆ తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. అందులో భాగంగానే 1974లో హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ఏర్పడింది. రెండేళ్లకు, 1976లో, రాష్ట్రంలోని రెండు పీజీ సెంటర్లు సొంత యూనివర్సిటీలయ్యాయి. వరంగల్‌లో కాకతీయ, గుంటూరు దగ్గర నాగార్జున. అవి ఎమర్జెన్సీ రోజులు. రాష్ట్రంలో సీఎం జలగం వెంగళరావు. ఆయన సత్తుపల్లి ప్రాంత నేత. అంటే ఖమ్మం జిల్లా మనిషి సీఎంగా ఉన్నప్పుడే ఖమ్మం పిల్లలకు కొత్త యూనివర్సిటీ వచ్చిందన్నమాట.

పేరు ఎందుకు 'కాకతీయ'?

వరంగల్ అంటే ఓరుగల్లు. కాకతీయుల రాజధాని. హన్మకొండలో 1163 నాటి వేయి స్తంభాల గుడి, పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి వాళ్ల కాలానివే. రామప్పకు 2021లో యునెస్కో వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. అందుకే యూనివర్సిటీకి ఆ పేరు ఖాయమైంది.

ఖమ్మం జనానికి ఇది పరాయి పేరు కాదు. కుసుమంచిలో గణపేశ్వరాలయం, దాని దగ్గర్లోనే ముక్కంటేశ్వరాలయం. ఇవి కాకతీయుల పాలన ఇక్కడిదాకా ఉందని చెప్పే రాతి సాక్ష్యాలు. హైదరాబాద్ నుంచి వరంగల్, డోర్నకల్ మీదుగా భద్రాచలం రోడ్ దాకా వచ్చే రైలు పేరు కూడా కాకతీయే. 'భద్రాచలం రోడ్' అనగానే గుడి దగ్గర దిగుతామనుకోవద్దు. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. ఈ లైన్‌లో కాజీపేట, వరంగల్‌కు సామాన్లు మోసుకెళ్లిన విద్యార్థులు ఎన్ని తరాలో లెక్కలేదు.

ఏ జిల్లాలు? ఏ కాలేజీలు?

మొదట్లో వరంగల్, ఖమ్మం, కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాలు కాకతీయ కిందకు వచ్చాయి. అంటే గోదావరి పరీవాహకంలోని పెద్ద భాగం, బొగ్గు గనులున్న ప్రాంతం, కోయ, గోండు, లంబాడా గూడేలున్న అటవీ ప్రాంతం అంతా. 2008లో కరీంనగర్‌లో శాతవాహన యూనివర్సిటీ ఏర్పడడంతో ఆ జిల్లా విడిపోయింది.

2016లో జిల్లాల విభజన జరిగాక ఉమ్మడి ఖమ్మం కాస్తా ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం అయ్యింది. జిల్లాల పేర్లు మారాయి కానీ డిగ్రీ మెమో మీద పేరు మారలేదు.

ఖమ్మంలో పెద్ద సర్కారు కాలేజీ అంటే ఎస్ఆర్ అండ్ బీజీఎన్ఆర్ కాలేజీ. 1956లో మొదలైంది. అంటే యూనివర్సిటీ కంటే ఇరవై ఏళ్లు పెద్దది. ముందు ఉస్మానియా కింద ఉండేది, తర్వాత కాకతీయ కిందకు వచ్చింది. ఇప్పుడు అటానమస్ హోదా ఉంది. ఇది కాకుండా ఖమ్మంలో యూనివర్సిటీ సొంతంగా నడిపే పీజీ కాలేజీ కూడా ఉంది. వరంగల్ దాకా వెళ్లలేని వాళ్లకు అదే దిక్కు.

కొత్తగూడెం కథ ఇంకాస్త వేరు. సింగరేణి గనుల పక్కన 1970ల్లో స్కూల్ ఆఫ్ మైన్స్ వచ్చింది. ముందు ఉస్మానియాది, 1990ల్లో కాకతీయకు మారింది. మైనింగ్ ఇంజినీర్లను తయారుచేసిన ఆ కాలేజీనే రాష్ట్ర ప్రభుత్వం 2025లో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మార్చింది. మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ పేరు పెట్టింది. అలా ఉమ్మడి ఖమ్మం జిల్లాకు సొంత యూనివర్సిటీ వచ్చింది. అయితే ఇది భూగర్భ శాస్త్రాలు, గనుల చదువుల కోసం పెట్టింది. బీఏ, బీకాం చదివే కుసుమంచి విద్యార్థి మెమోతో దానికి సంబంధం లేదు.

అన్ని కోర్సులూ కాకతీయవేనా? కాదు!

చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. ఒకే ఊళ్లో నలుగురు చదివితే నలుగురికీ వేర్వేరు యూనివర్సిటీల సర్టిఫికెట్లు రావచ్చు.

- మామూలు డిగ్రీ (బీఏ, బీకాం, బీఎస్సీ), బీఈడీ: ఖమ్మం, భద్రాద్రి జిల్లాల్లో ఎక్కువగా కాకతీయ.
- ఇంజినీరింగ్: ప్రైవేటు కాలేజీల్లో ఎక్కువ భాగం హైదరాబాద్ జేఎన్టీయూ. 
- మెడిసిన్, నర్సింగ్: వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ. అదీ వరంగల్‌లోనే ఉంది కాబట్టి కాకతీయే అనుకునేవాళ్లున్నారు. రెండూ వేర్వేరు.
- అగ్రికల్చర్: అశ్వారావుపేట వ్యవసాయ కాలేజీ వ్యవసాయ యూనివర్సిటీ కిందకు వస్తుంది.

కాలేజీలో చేరే ముందు 'ఇది ఏ యూనివర్సిటీ కింద ఉంది?' అని అడగడం అందుకే ముఖ్యం. బోర్డు మీద ఏం రాశారన్నది కాదు.. ఆ కోర్సుకు ఆ ఏడాది అఫిలియేషన్ ఉందా లేదా అన్నదే లెక్క.

అఫిలియేషన్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే.. కాలేజీ పాఠం చెబుతుంది, యూనివర్సిటీ పరీక్ష పెడుతుంది. బిల్డింగ్, లెక్చరర్లు, ల్యాబ్ కాలేజీ చూసుకోవాలి. సిలబస్ తయారుచేయడం, పేపర్ సెట్ చేయడం, వాల్యుయేషన్, రిజల్ట్, డిగ్రీ ఇవ్వడం యూనివర్సిటీ పని. అటానమస్ కాలేజీలైతే సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకుంటాయి. చివరికి డిగ్రీ పట్టా మీద మాత్రం యూనివర్సిటీ పేరే ఉంటుంది.

డిగ్రీ సీటు కోసం 2016 నుంచి 'దోస్త్' ఆన్‌లైన్ విధానం నడుస్తోంది. రాష్ట్రంలోని యూనివర్సిటీల కాలేజీలన్నీ ఒకే వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఇంటర్ మార్కులు, ఆప్షన్లను బట్టి సీటు వస్తుంది. దాదాపు అదే సమయంలో ఏడాది పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి. మూడేళ్లలో ఆరు సెమిస్టర్లు. ఒక సెమిస్టర్‌లో సబ్జెక్టు పోతే తర్వాత బ్యాక్‌లాగ్ రాసుకోవచ్చు. కానీ బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోతే చివర్లో పీజీ అడ్మిషన్ టైమ్‌కి మెమో చేతికి రాదు. పల్లె విద్యార్థులు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే.

పీజీ సీటుకు సీపీగెట్ రాయాలి. దీన్ని ఉస్మానియా నిర్వహిస్తుంది. ఒకే పరీక్షతో ఉస్మానియా, కాకతీయతో పాటు రాష్ట్రంలోని ఇతర యూనివర్సిటీల్లో కూడా సీటు పొందొచ్చు. ఇక ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాల కోసం పెట్టే ఐసెట్‌ను చాలా ఏళ్లు కాకతీయ యూనివర్సిటీయే నిర్వహించింది.

క్యాంపస్ లోపల ఎలా ఉంటుంది?

హన్మకొండ బస్టాండ్‌లో దిగి 'కేయూ' అంటే చాలు, ఆటోవాలా ఇంకేం అడగడు. కేయూ క్రాస్ రోడ్ వరంగల్ నగరంలో అందరికీ తెలిసిన అడ్డా. క్యాంపస్ విస్తీర్ణం 600 ఎకరాలకు పైనే. లోపల డిపార్ట్‌మెంట్లు, లైబ్రరీ, పరిపాలనా భవనం, హాస్టళ్లు, ఫార్మసీ కాలేజీ, ఇంజినీరింగ్ కాలేజీ, దూరవిద్యా కేంద్రం. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే నగరవాసులు, సాయంత్రం గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరుగు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు కామన్‌గా కనిపిస్తారు.

హాస్టళ్ల పేర్లలోనూ ఓరుగల్లు కనిపిస్తుంది. అమ్మాయిల హాస్టల్‌కు హన్మకొండ గుట్ట మీది పద్మాక్షి అమ్మవారి పేరు. మరో హాస్టల్‌కు భాగవతం రాసిన పోతన పేరు. నల్గురు కలిస్తే మెస్ బిల్లు గురించో, నోటిఫికేషన్ గురించో మాటలు. చాలామందికి పీజీ ఒక్కటే టార్గెట్ కాదు. గ్రూప్స్, డీఎస్సీ, జేఎల్, నెట్, సెట్.. ఏదో ఒకదానికి ప్రిపరేషన్ నడుస్తూనే ఉంటుంది. లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో సీటు దొరకాలంటే పొద్దున్నే వెళ్లాలి. టిఫిన్ డబ్బా, వాటర్ బాటిల్, టెస్ట్ పేపర్ల కట్ట.. ఆ టేబుల్ మీద పుస్తకం పెట్టేస్తే ఆ రోజుకు ఆ చోటు వాళ్లదే.

బతుకమ్మ రోజుల్లో క్యాంపస్ మరోలా ఉంటుంది. డిపార్ట్‌మెంట్ల ముందు పూలు పేర్చి అమ్మాయిలు ఆడతారు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే సగం హాస్టల్ ఖాళీ. ములుగు, ఏటూరునాగారం, భద్రాచలం వైపు విద్యార్థులకు అది ఇంటి పండగ కదా మరి.

క్లాస్‌రూమ్ దాటిన చదువు

కాకతీయ అనగానే గుర్తొచ్చే పేర్లలో మొదటిది ప్రొఫెసర్ కొత్తపల్లి జయశంకర్. 1934లో వరంగల్ జిల్లా అక్కంపేటలో పుట్టారు. 1991 నుంచి 1994 దాకా కాకతీయ వీసీగా ఉన్నారు. నీళ్లు, నిధులు, నియామకాల్లో తెలంగాణకు ఏం జరిగిందో లెక్కలతో చెప్పిన మనిషి. రాష్ట్రం చూడకుండానే 2011 జూన్ 21న కన్నుమూశారు.

హక్కుల ఉద్యమ నేత కె.బాలగోపాల్ 1980ల మొదట్లో ఇక్కడ లెక్కల పాఠాలు చెప్పారు. వరంగల్ ఆర్ఈసీలో గణితంలో పీహెచ్‌డీ చేసిన ఆయన, 1985లో ఉద్యోగం వదిలేసి పౌర హక్కుల పనిలోకి పూర్తిగా దిగారు. తెలుగు శాఖలో పండితుడు, కవి కోవెల సుప్రసన్నాచార్య పాఠాలు చెప్పారు. వృక్షశాస్త్ర ఆచార్యురాలు విద్యావతి ఇక్కడ వీసీ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ.

ప్రజాకవి కాళోజీ నారాయణరావుకు, 'జయ జయహే తెలంగాణ' రాసిన అందెశ్రీకి కాకతీయ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అందెశ్రీ బడికి వెళ్లి చదువుకున్న వ్యక్తి కాదు. పశువులు కాసి, కూలి పని చేసి, పాటతో ఎదిగారు. అలాంటి మనిషి పేరు ముందు 'డాక్టర్' చేరింది ఈ యూనివర్సిటీ వల్లే.

ఖమ్మం జైలు.. కేయూ గేటు

2009 నవంబర్ 29. ఆమరణ దీక్షకు కరీంనగర్ నుంచి సిద్దిపేట బయల్దేరిన కేసీఆర్‌ను పోలీసులు దారిలోనే అరెస్ట్ చేశారు. తీసుకెళ్లింది ఎక్కడికో తెలుసు కదా.. ఖమ్మం జైలుకు. ఆ వార్త తెలియగానే ఉస్మానియాతో పాటు కాకతీయ క్యాంపస్ కూడా అట్టుడికింది. హాస్టళ్లు ఉద్యమ కేంద్రాలయ్యాయి. విద్యార్థి సంఘాలు జెండాలు పక్కనపెట్టి జేఏసీగా ఒక్కటయ్యాయి. డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన వచ్చేదాకా వరంగల్ రోడ్లు ప్రశాంతంగా లేవు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది.

అప్పుడు రోడ్డెక్కిన వాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చి, మొదటి తరం చదువుకుంటున్న పిల్లలే. రాష్ట్రం వస్తే ఉద్యోగాలొస్తాయన్న ఆశ వాళ్లది. ఆ తర్వాత అదే క్యాంపస్‌లో నోటిఫికేషన్ల కోసం ధర్నాలు జరిగాయి. 2023లో పీహెచ్‌డీ అడ్మిషన్లలో అవకతవకలు జరిగాయంటూ విద్యార్థులు పెద్ద ఆందోళనకు దిగారు. ప్రశ్నించడం ఈ క్యాంపస్‌కు కొత్త కాదు.

ఇప్పుడు అసలు సమస్యలేంటి?

కాకతీయకు 2023లో న్యాక్ ఏ ప్లస్ గ్రేడ్ వచ్చింది. పేరుకు మంచి గుర్తింపే. కానీ క్యాంపస్‌లో అడుగుపెడితే వినిపించే మాట వేరు.

మొదటిది, లెక్చరర్లు లేరు. ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు లేవు. ఉన్నవాళ్లు ఒక్కొక్కరుగా రిటైర్ అవుతున్నారు. ఖాళీ కుర్చీని కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్ లెక్చరర్లతో నింపుతున్నారు. పాఠం చెప్పేవాళ్లే తమ ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియని పరిస్థితి. యూనివర్సిటీల ఖాళీల భర్తీకి కామన్ బోర్డు పెడుతూ 2022లో అసెంబ్లీ బిల్లు పాస్ చేసినా, అది అమల్లోకి రాలేదు. ప్రొఫెసర్ లేకపోతే పీహెచ్‌డీ గైడ్ ఉండరు. గైడ్ లేకపోతే రీసెర్చ్ సీటు ఉండదు. అంటే ఒక ఖాళీ వల్ల ఆగేది ఒక క్లాస్ మాత్రమే కాదు.

రెండోది, డబ్బు. రాష్ట్ర యూనివర్సిటీకి ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంట్ ఒక ఆదాయం. పరీక్ష ఫీజులు, అఫిలియేషన్ ఫీజులు, దూరవిద్య ఫీజులు ఇంకో ఆదాయం. జీతాలు, పెన్షన్లకే పెద్ద భాగం పోతుంది. మిగిలిందాంట్లో హాస్టల్ రిపేర్లు, ల్యాబ్ సామాన్లు, కొత్త పుస్తకాలు చూసుకోవాలి. ఫలితం ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

మూడోది, ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇది కుసుమంచి ఇంటిదాకా వచ్చే సమస్య. పేద విద్యార్థి ఫీజును ప్రభుత్వం కాలేజీకి కట్టాలి. బకాయిలు పేరుకుపోతే కాలేజీ యాజమాన్యాలు రోడ్డెక్కుతాయి. 2024లో, 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్‌లు కూడా చేశాయి. మధ్యలో నలిగేది విద్యార్థే. 'ముందు మీరు కట్టండి, డబ్బు పడ్డాక ఇస్తాం' అంటే కూలి చేసుకునే తండ్రి ఎక్కడి నుంచి తెస్తాడు? డబ్బు కట్టలేదని సర్టిఫికెట్ ఆగితే, పీజీ కౌన్సెలింగ్ తేదీ దాటిపోతుంది. కౌన్సెలింగ్ తేదీ ఎవరికోసమూ ఆగదు.

నూట ఇరవై కిలోమీటర్ల ప్రశ్న

ఖమ్మం నుంచి వరంగల్‌కు దాదాపు 120 కిలోమీటర్లు. బస్సులో అయితే మరిపెడ, తొర్రూరు, వర్ధన్నపేట మీదుగా. రైల్లో అయితే డోర్నకల్, మహబూబాబాద్ దాటి. కుసుమంచి నుంచి అయితే ముందు ఖమ్మమో, మరిపెడో చేరాలి. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపు వాళ్లకైతే ఇంకా ఎక్కువ. చర్ల నుంచి భద్రాచలం రావడమే ఒక ప్రయాణం.

రోజూ తిరిగి చదివే దూరం కాదిది. అంటే హాస్టల్ ఉండాలి. హాస్టల్ సీటు దొరికితే మెస్ బిల్లు, బస్ చార్జీలతో నెట్టుకురావచ్చు. దొరకకపోతే బయట రూమ్ అద్దె, కరెంటు, వంట ఖర్చు. కొడుకైతే 'ఎలాగోలా సర్దుకో' అని పంపించే ఇల్లే, కూతురి దగ్గరికొచ్చేసరికి ఆలోచనలో పడుతుంది. 'హాస్టల్ ఉందా? లేదా? లేకపోతే ఖమ్మంలోనే ఏదో ఒకటి చూసుకో' అంటారు. అక్కడే ఎంఎస్సీ ఆగి, పెళ్లి మాట మొదలవుతుంది. ర్యాంకు వచ్చినా సీటు వదులుకునే అమ్మాయిల కథ ఇదే. సీపీగెట్ ర్యాంకుల జాబితాలో ఈ సంగతి కనిపించదు.

అందుకే ఖమ్మంలోని యూనివర్సిటీ పీజీ కాలేజీ ముఖ్యం. అక్కడ కోర్సులు పెరిగితే, లెక్చరర్లు పెరిగితే, అమ్మాయిల హాస్టల్ వసతి బాగుంటే.. ఇంటి నుంచి ఇరవై, ముప్పై కిలోమీటర్లలోనే పీజీ అందుతుంది. ఖమ్మానికి మామూలు డిగ్రీ, పీజీ కోర్సులతో సొంత యూనివర్సిటీ కావాలన్న డిమాండ్ వెనుక ఉన్న లాజిక్ కూడా ఇదే.

ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన యూనివర్సిటీ వచ్చింది. 2014 విభజన చట్టంలో ఇచ్చిన హామీ అది. 2023 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదం దొరికింది. గోదావరి ఒడ్డు గూడేల పిల్లలకు ఇదొక కొత్త దారి. కానీ ప్రవేశం జాతీయ స్థాయి పరీక్షతో కాబట్టి, దానికి ప్రిపేర్ చేయించే కాలేజీ దగ్గర్లో ఉండాలి. ఆ కాలేజీలు మళ్లీ కాకతీయ కిందివే. చుట్టూ తిరిగి ప్రశ్న అక్కడికే వస్తోంది.. ఊరి దగ్గర డిగ్రీ కాలేజీలో పాఠం సరిగ్గా జరుగుతోందా?

కాకతీయ కింద డిగ్రీ చదువుతున్నారా? ఇవి గుర్తుంచుకోండి

1. పేరు, తండ్రి పేరు స్పెల్లింగ్ చూసుకోండి. టెన్త్ మెమోలో ఉన్నట్టే డిగ్రీ మెమోలోనూ ఉండాలి. మొదటి సెమిస్టర్ మెమో రాగానే చెక్ చేయండి. తప్పుంటే అప్పుడే కాలేజీ ద్వారా దరఖాస్తు చేయాలి. మూడేళ్ల తర్వాత చూసుకుంటే వరంగల్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

2. ఏ సర్టిఫికెట్ ఎందుకో తెలుసుకోండి. సెమిస్టర్ మెమోలు మార్కుల కోసం. కన్సాలిడేటెడ్ మెమోలో అన్ని సెమిస్టర్లూ ఒకేచోట ఉంటాయి. ప్రొవిజనల్ అంటే పాసయ్యారని తాత్కాలిక ధ్రువీకరణ. ఒరిజినల్ డిగ్రీ పట్టా స్నాతకోత్సవం తర్వాత లేదా దరఖాస్తు చేస్తే వస్తుంది. వేరే యూనివర్సిటీలో చేరాలంటే మైగ్రేషన్ సర్టిఫికెట్ అడుగుతారు.

3. ఒరిజినల్స్ ఎవరి దగ్గరా ఉంచొద్దు. వెరిఫికేషన్ కోసం చూపించి వెనక్కి తీసుకోండి. జిరాక్స్ సెట్లు, ఫోన్‌లో స్కాన్ కాపీలు ఉంచుకోండి. 

4. బ్యాక్‌లాగ్‌ను వాయిదా వేయొద్దు. పరీక్ష ఫీజు తేదీ నోటిఫికేషన్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వస్తుంది. కాలేజీ చెప్పేదాకా ఆగకుండా మీరే చూసుకోండి. మార్కుల మీద అనుమానం ఉంటే రీవాల్యుయేషన్‌కు గడువులోపే దరఖాస్తు చేయాలి.

5. స్కాలర్‌షిప్ రెన్యువల్ ప్రతి ఏడాదీ చేయాలి. ఈ-పాస్‌లో ఆధార్, బ్యాంకు ఖాతా, హాజరు వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. చిన్న తప్పుతో దరఖాస్తు పెండింగ్‌లో పడుతుంది.

6. పీజీ ఆలోచన ఉంటే హాస్టల్ సంగతి ముందే కనుక్కోండి. ఆప్షన్లు పెట్టేటప్పుడే ఏ కాలేజీలో హాస్టల్ ఉంది, ఎక్కడ లేదు అన్నది సీనియర్లను అడగండి. సీటు వచ్చాక కాదు.

యాభై ఏళ్ల తర్వాత..

1976లో కాకతీయ మొదలైనప్పుడు ఖమ్మం జిల్లా పల్లెల్లో డిగ్రీ పాసైన మనిషి అంటే ఊరంతా గుర్తుపట్టేది. ఇప్పుడు ఇంటికొకరు. బడిపంతుళ్లు, ఎస్ఐలు, ఎంపీడీవోలు, లాయర్లు, జర్నలిస్టులు.. ఈ రెండు జిల్లాల్లో ఏ ఆఫీసుకు వెళ్లినా కాకతీయ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కనిపిస్తారు. అడవి అంచున ఉన్న గూడెంలో మొదటి గ్రాడ్యుయేట్ అయిన అమ్మాయి మెమో మీద ఉన్నదీ ఆ పేరే. ఒక ప్రాంతీయ ప్రభుత్వ యూనివర్సిటీ చేసే అసలు పని ఇది. ర్యాంకింగ్‌లో ఎక్కడుందన్న లెక్కలో ఇది సరిగ్గా కనిపించకపోవచ్చు.

యాభై ఏళ్ల పండగకు గేటుకు రంగులు వేయొచ్చు, ఫ్లెక్సీలు కట్టొచ్చు. కుసుమంచి నుంచి సీపీగెట్ రాసిన విద్యార్థిని అడిగేది మాత్రం మూడే. క్లాసులో ప్రొఫెసర్ ఉన్నారా? టైమ్‌కి మెమో వస్తుందా? హాస్టల్‌లో మంచం దొరుకుతుందా? ఈ మూడింటికీ 'ఉంది' అన్న జవాబు వస్తే, ఆ 120 కిలోమీటర్లు పెద్ద దూరమేమీ కాదు.